మా ఆయన చెప్పని సాక్ష్యం

మా ఆయన అబద్ధం ఆడడు. మెచ్చుకుంటున్నానని అనుకునేరు, కాదు. ఈ గుణంతో కాపురం చేసినదాన్ని నేను, ఆ పాట్లు నాకే తెలుసు. మా అమ్మాయిని చూసుకోవడానికి వచ్చినవాళ్ళు, పిల్ల నెమ్మదస్తురాలేనా అని మాట వరసకు అడిగారు. "నెమ్మది యాడిది? వాళ్ళమ్మ పోలికే. కోపం ముక్కు మీదుంటాది" అన్నాడు. లోపల కాఫీ కలుపుతున్న నాకు గ్లాసు తీసి గోడకు కొడదామన్నంత కోపం వచ్చింది. సంబంధం కుదిరింది, అది వేరే సంగతి. రైల్వేలో గేటు కాపలా ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ఒకసారి గేటు వేశాక ఎవరి కారుకూ ఎత్తలేదు. ఎవరో పెద్ద నాయకుడి మనుషులు దిగి బెదిరిస్తే, "నేను మీ మాట విన్నా, రైలు వినదు సార్" అన్నాడట. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఆ నిజాయితీ అంతా నా వంటల మీద పడింది.

అట్లాంటి మనిషి చేత మా చర్చి అబద్ధం ఆడించింది. ఆయన నోటితోనే, ఆయన మాటలతోనే ఆడించింది. తలుచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

మా చర్చి పాకాలలో మా ఇంటికి దగ్గరే. రేకుల కప్పు, కింద చాపలు, చెప్పులు గుమ్మం బయట. పాత పాస్టరు అయ్యగారు ఉన్నప్పుడు ఒక డోలు, ఒక జత తాళాలు, అంతే మా వాయిద్యాలు. ఆయన వెళ్ళాక కొత్త అయ్యగారు వచ్చారు. చదువుకున్నాయన, వయసు చిన్నది. చెడ్డవారని నేను అనను. ఎవరింట్లో జ్వరమన్నా పిలవకుండానే వచ్చి ప్రార్థన చేస్తారు, చావు జరిగిన ఇంట్లో పెట్టెకు భుజం పడతారు. కానీ చేతికి ఫోను వచ్చిందంటే మనిషి మారిపోతారు. ఆయన వచ్చిన ఏడాదికే వేదిక మీద రంగు లైట్లు వెలిగాయి, గోడ పక్కన కెమెరా స్టాండు నిలబడింది, చర్చి పేరుతో యూట్యూబ్ ఛానెల్ మొదలైంది. ఆరాధనకు ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని కనుక్కోవడం పోయి, పోయిన వారం వీడియో ఎంతమంది చూశారో చెప్పి చప్పట్లు కొట్టించడం వచ్చింది. నేను చప్పట్లు కొట్టలేదు. మా ఆయన కొట్టాడు. దేవుని మాట నలుగురికీ చేరుతూ ఉంటే ఏడుస్తావేందే అని నన్నే తప్పు పట్టాడు.

ఆదివారం వాక్య ప్రసంగానికి ముందు మాకు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఆ వారం చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి చెప్పుకోవచ్చు. కొడుక్కి ఉద్యోగం వచ్చిందని ఒకరు, పడిపోయిన ఆవు లేచి మేత తిన్నదని ఒకరు చెబుతారు. మేమందరం స్తోత్రం అంటాం. మా ఆయన ఎప్పుడూ లేచేవాడు కాదు. ఆ ఆదివారం లేచాడు. ఆయనకు చాలా ఏళ్ళుగా షుగర్. ఆ వారం పరీక్ష చేయిస్తే అంతా మామూలుగా వచ్చింది. ఆ సంతోషం ఆపుకోలేక లేచాడు. ఏమన్నాడో నాకు అక్షరం అక్షరం గుర్తు, ఎందుకంటే నా పేరెత్తకుండానే నన్ను మెచ్చుకున్న ఒకే ఒక్క సందర్భం అది.

"నాకు చానా ఏండ్లుగా షుగర్ ఉండాది. డాక్టరమ్మ ఇచ్చిన మాత్రలు ఒక్క పూట తప్పకుండా వేసుకుంటా ఉండా. పొద్దున, సాయంత్రం నడస్తా ఉండా. నా భార్య అన్నం మానిపిచ్చి సంగటి సేసి పెడతా ఉండాది. ఈ వారం టెస్టు సేపిస్తే షుగర్ నార్మల్‌కొచ్చినాది. దేవునికి స్తోత్రం."

ఇంతే చెప్పి కూర్చున్నాడు. పక్కనున్న ఆడవాళ్ళు నన్ను మోచేత్తో పొడిచి నవ్వారు. నేను కొంగు సర్దుకున్నాను.

రెండు రోజులకు వీడియో వచ్చింది. వెనక వయొలిన్ లాంటి సంగీతం ఏదో ఏడుస్తోంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. "నాకు చానా ఏండ్లుగా షుగర్ ఉండాది." టక్కున తల ఒకవైపు నుంచి ఇంకొక వైపుకు ఎగిరినట్టయింది. "షుగర్ నార్మల్‌కొచ్చినాది. దేవునికి స్తోత్రం." మధ్యలో డాక్టరమ్మ లేదు, మాత్రలు లేవు, నడక లేదు. నా సంగటి కూడా లేదు. పైన ఎర్రటి అక్షరాలతో "ప్రార్థనతో షుగర్ మాయం" అని రాసి ఉంది. మేం ఇద్దరం ఒకే ఫోను పట్టుకుని మూడు నాలుగు సార్లు చూశాం. ముందు నాకు నవ్వొచ్చింది. తర్వాత అరికాలి మంట నెత్తికెక్కింది.

"పో, పొయ్యి అడుగు" అన్నాను. పోయాడు. వచ్చాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి మంచం మీద కూర్చున్నాడు.

"ఏమన్నారు అయ్యగారు?"

"పొడుగెక్కువైతే జనం సూడరంట. అందుకని కొంచెం తగ్గిచ్చినారంట. మందులిచ్చేది గూడా దేవుడే గదన్నా అన్నారు."

"తీసేస్తామన్నారా?"

"వేలమంది సూస్తా ఉండారంట మే. ఇప్పుడు తీసేస్తే వాళ్ళ విశ్వాసాన్ని నేనే కూలదోసినట్టు అయితాదంట."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. ఒకరి విశ్వాసానికి అభ్యంతరం కావడం కంటే పెద్ద పాపం లేదని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. అయ్యగారికీ అది తెలుసు. అందుకే సరిగ్గా అక్కడే నొక్కారు. నేను వెళ్ళి అడుగుతానంటే మా ఆయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. దైవసేవకుడితో గొడవ పెట్టుకోవద్దని బతిమాలాడు. బతిమాలితే నేను కరిగిపోతాను, అదే నా ఖర్మ.

ఇక మొదలైంది. ఫోన్లు, మనుషులు. చిత్తూరు నుంచి ఒకాయన భార్యను తీసుకొచ్చాడు. ఎక్కడెక్కడి వాళ్ళో బస్సు దిగి అడుగుతూ వచ్చేవాళ్ళు. షుగర్ పోయిన అన్న ఇల్లు ఇదేనా అని నన్నే అడిగేవాళ్ళు. నేను బ్లౌజులు కుట్టే మిషను దగ్గరే కూర్చుని, ఇదే, కానీ షుగర్ పోలేదు, మాత్రలు వేసుకుంటున్నాడు అని చెప్పేదాన్ని. వాళ్ళు నా వైపు జాలిగా చూసేవాళ్ళు. ప్రతి ఇంట్లో ఒక అవిశ్వాసి ఉంటుంది కదా అన్నట్టు. మా ఆయన మీద చేతులు పెట్టించుకుని, ప్రార్థన చేయించుకుని, కళ్ళు తుడుచుకుంటూ పోయేవాళ్ళు. నా దగ్గర బ్లౌజు కుట్టించుకునే ఒకావిడ, "మీ దేవుడు షుగర్ తీసేస్తాడంట కదా, ఇంక లడ్డూలు తినొచ్చు అన్నకు" అని నవ్వింది. ఆమె మీద మండింది, అంతకంటే మా వాళ్ళ మీద మండింది. మమ్మల్ని ఎగతాళి చెయ్యడానికి మాటలు ఎక్కడో వెతుక్కోనక్కర లేకుండా మేమే ఇంటికి పంపిస్తున్నాం.

ఒక పూట అన్నాలయ్యాక మా ఆయన మాత్ర అరచేతిలో వేసుకుని నీళ్ళ చెంబు అందుకుంటుంటే ఎవరో దంపతులు లోపలికి వచ్చారు. వచ్చీ రాగానే, "మాత్రలన్నీ పారేసినారా అన్నా?" అని అడిగారు. మా ఆయన పిడికిలి మూసుకున్నాడు. వాళ్ళు వెళ్ళేదాకా ఆ పిడికిలి తెరవలేదు. నేను చూశాను. చూసి కూడా, పాపం ఇబ్బంది పడ్డాడు అనుకున్నానే గానీ, ఆ పిడికిలితో ఆయన మనసులో ఏం నిర్ణయమైందో నాకు తట్టలేదు.

ఆయన లెక్క ఇది. నన్ను చూసి జనం నమ్ముతున్నారు. వాళ్ళు నమ్మింది అబద్ధం. వీడియో తీసెయ్యరు. వాళ్ళకు ఎదురు చెబితే విశ్వాసం కూలిపోతుంది. మరి నా మాట నిజం కావాలంటే ఒక్కటే దారి, మాత్రలు మానెయ్యడం. అప్పుడు దేవుడే చూసుకుంటాడు. వేరే ఎవడైనా అయితే ఏం చేస్తాడు? పైకి స్తోత్రం అంటూ చాటుగా మింగుతాడు, హాయిగా బతుకుతాడు. అబద్ధమాడడం రానివాడికే ఈ గతి పట్టింది. దీన్ని భక్తి అంటారా, పిచ్చి అంటారా? నేనైతే ఆ రోజుల్లో రెండూ కలిపి తిట్టాను.

నాకు తెలిసింది చీమల వల్ల. బాత్‌రూంలో ఆయన పోయి వచ్చిన చోట చీమలు పడుతున్నాయి. చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులైపోయింది. బజారుకు పోయినప్పుడు మందుల షాపు భాయి పిలిచి, "అన్న రావడమే లేదేమ్మా? వేరే షాపు పట్టుకున్నాడా?" అన్నాడు. భాయి నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. మా వాళ్ళ వీడియో ఆయనా చూశాడు మరి. "మా ఇంట్లోనూ దువా సేస్తారమ్మా. మాత్ర మింగి సేస్తారు" అన్నాడు.

ఇంటికొచ్చి చేతి సంచి విసిరికొట్టాను.

"ఏమయ్యా, మాత్రలు మానేసినావా?"

ఆయన అబద్ధమాడడు కదా. "మానేసినా" అన్నాడు.

"ఎవర్నడిగి?"

"దేవుణ్ణి అడిగినా."

"ఆయనేమన్నాడు? సరే, నీ పెండ్లాన్ని ముండమోపిని సెయ్యి అన్నాడా?"

"అట్లా మాట్లాడగూడదు మే."

"అట్లానే మాట్లాడతా! మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా. పొద్దున్నే వార్డులో పాట పాడేది, ప్రార్థన సేసేది. ఆ ఆమెన్ అన్న నోటితోనే, ఇంక మింగండి అనేది. మా అమ్మ కంటే నువ్వు పెద్ద భక్తుడివా?"

ఆయన తల వంచుకుని, "నన్ను సూసి ఎంతమంది నమ్మినారో నీకు తెలీదు. వాళ్ళ ముందర నేను దొంగను కాలేను" అన్నాడు. గోడకు చెప్పినా కాస్త సున్నమన్నా రాలేది. ఇంకేం చెయ్యాలి నేను? మాత్ర నూరి పప్పుచారులో కలిపాను. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చేదు కనిపెట్టాడు. కంచం పక్కకు జరిపి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ తర్వాత నేను పెట్టింది ప్రతిదీ వాసన చూసి తినడం మొదలుపెట్టాడు. నా చేతి కూడు అనుమానించిన రోజు నేను ఆయన మీద కంటే అయ్యగారి మీద ఎక్కువ ఏడ్చాను.

ఈస్టర్ రోజు తెల్లవారకముందే మేం కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ సమాధుల తోటకు నడిచిపోతాం. చెప్పులు లేకుండా నడవడం మా పాతవాళ్ళ అలవాటు. మా ఆయన కూడా అట్లాగే నడిచాడు. ఇంటికొచ్చాక ఇల్లు ఊడుస్తుంటే గచ్చు మీద ఒక మరక, అంత దూరంలో ఇంకొక మరక కనిపించాయి. చూస్తే ఆయన పాదం కింద కంపముల్లు సగం లోపలికి దిగి ఉంది. "నొప్పి లేదా?" అన్నాను. "ఏదీ, ముల్లు యాడ?" అన్నాడు. పాదాలకు తిమ్మిరెక్కి, ముల్లు దిగినా తెలియని స్థితికి వచ్చేశాడన్నమాట.

పుండు మానలేదు. చిటికెన వేలు ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. ఆసుపత్రికి పోదామంటే ప్రార్థన చేయిద్దాం అంటాడు. అయ్యగారు వచ్చి నూనె రాసి ప్రార్థన చేశారు. నిజం చెప్పాలంటే ఆ వేలు చూసి ఆయన ముఖం కూడా పాలిపోయింది. "ఒకసారి డాక్టరుకు చూపించండన్నా" అని మెల్లగా అన్నారు. ఆ మాట కెమెరా ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! మా ఆయన మాత్రం, మీరే నమ్మకపోతే ఎట్లా అయ్యగారూ అన్నాడు. ఇక నేను ఎవరి మాటా వినదలుచుకోలేదు. పక్కింటివాళ్ళను కేకేసి, ఆటో పిలిపించి, ఆయన్ని లాక్కుపోయి తిరుపతి పెద్దాసుపత్రిలో పడేశాను. రెండు వేళ్ళు తీసేశారు. కాలు దక్కింది, అదే గొప్ప అన్నారు.

వార్డులో ఆయన పక్క మంచం మీదున్న పేషెంటును చూడటానికి ఒకామె వచ్చింది. నగరి నుంచి వచ్చిందట. మా ఆయన్ని చూసి ఆగింది. తేరిపార చూసింది. "మీరు వీడియోలో సాక్ష్యం సెప్పినన్న గదా?" అంటూ ముఖమంతా నవ్వు చేసుకుని వందనాలు పెట్టింది. "మా అమ్మ మిమ్మల్ని సూడని రోజు లేదన్నా. మిమ్మల్ని సూసే మాత్రలు నిలిపేసినాది."

అంటూ ఉండగానే ఆమె చూపు దుప్పటి బయటున్న కట్టు మీద పడింది. అక్కడే నిలబడిపోయింది. నవ్వు ఎటు పోయిందో తెలియదు. "ఇదేందన్నా?" అంది. మా ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేనే ఆమెను వరండాలోకి తీసుకుపోయి అంతా చెప్పాను. వాళ్ళమ్మకు కాళ్ళు వాచి ఉన్నాయట, ఒక కన్ను మసకబారిందట. ఎంత చెప్పినా మాత్ర ముట్టదట. నేను ఆమె ఇల్లు ఎక్కడో కనుక్కుని వచ్చేసరికి మా ఆయన దిండులో ముఖం పెట్టుకుని ఏడుస్తున్నాడు. ఆ పూట నర్సు ఇచ్చిన మాత్రలు మారు మాట్లాడకుండా మింగాడు. నేను ఇన్నాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకుంటే మింగనివాడు, ఎవరో ముసలామె కోసం మింగాడు. సంతోషించాలో, చెంప పగలగొట్టాలో తెలియలేదు.

ఇంటికి వచ్చాక అయ్యగారు పండ్లు పట్టుకుని వచ్చారు. మా ఆయన ఒక్కటే అడిగాడు. "నేను సెప్పిందంతా పెట్టండి, లేకుంటే తీసేయండి." అయ్యగారు చాలాసేపు ఫోను చేతిలో తిప్పుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు తీస్తే దేవుని నామానికి అవమానం, బయటివాళ్ళకు మనమే లోకువైపోతాం, కాస్త ఆగి చూద్దామన్నారు. నేను మిషను ముందు నుంచి లేచాను.

"దేవుని నామానికి ఏమీ కాదు అయ్యగారూ. అది మీ ఛానెల్ నామం. ఆయన కాలికి రెండు వేళ్ళు లేవు. ఆ నగరి ముసలామె కన్ను పోతా ఉండాది. మీకు ఎన్ని కండ్లు పోతే సాలు?"

"అమ్మా, మీరు ఆవేశంలో ఉన్నారు."

"ఉండా! ఈ ఇంట్లో ఆవేశం నాకొక్కదానికే ఉండాది. దాంతోనే ఈయన బతికినాడు. పండ్లు తీసుకుపోండి. షుగర్ మనిషికి సపోటాలు తెస్తారా ఎవరైనా?"

అయ్యగారు పండ్లు తీసుకుపోయారు. వీడియో ఉండిపోయింది.

కట్టు విప్పి, ప్రత్యేకంగా కుట్టించిన చెప్పు వేసుకుని నడవగలిగిన మొదటి వారమే మా ఆయన నగరికి పోదామన్నాడు. పోయి ఏం చేస్తావంటే, ఆమె ముందర మాత్ర వేసుకుంటా అన్నాడు. ఆసుపత్రిలో మాత్రలతో పాటు మొదలుపెట్టిన ఇన్సులిన్ సూది పొద్దున వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నాడు. ఆ సూది వేసుకున్నవాళ్ళు మధ్యాహ్నం వేళకు తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుందని, ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ నాకు మరీ మరీ చెప్పి పంపింది. అందుకని నా సంచిలో ఎప్పుడూ ఇంత చక్కెర ఉంటుంది. తిరుపతి పోయి, అక్కడ నగరి బస్సెక్కాం.

మగ్గాల వీధి. ఏ ఇంట్లో చూసినా కరెంటు మగ్గాల చప్పుడు, మాట వినాలంటే అరవాల్సిందే. ఆ ముసలామె వరండాలో గోడకు ఆనుకుని కాళ్ళు చాపి కూర్చుని ఉంది. కూతురు చెప్పింది ఈయనే అని. ముసలామె మసక కన్నుతో మా ఆయన్ని ఎగాదిగా చూసింది. పక్కనున్న ఫోను తీసి వీడియో పెట్టి, దాన్నీ ఈయన్నీ మార్చి మార్చి చూసింది.

"కాదు తంబీ. ఆయన నిండుగా ఉండాడు. నువ్వు ఎండిపోయుండావే."

"నేనే అక్కా. మాత్రలు మానేస్తే ఇట్లా అయిపోయినా." మా ఆయన చెప్పు విప్పి కాలు చూపించాడు. ఆమె ఆ కాలిని చేత్తో తడిమింది. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను నేను.

"అయ్యో తంబీ" అంది ఆమె. "నీకు విశ్వాసం సడలిపోయినాది. అందుకే మళ్ళా వచ్చినాది. రా, నీకోసం ప్రార్థన సేస్తా." మా ఆయన తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. మగ్గాల చప్పుడును మించి ప్రార్థించింది. ఫోనులో ఉన్నవాడు నిజం, ఆమె చేతికింద తల ఆన్చినవాడు అబద్ధం! కెమెరా ముందు నిలబడి నాలుగు ముక్కలు మాట్లాడిన మనిషి, వేళ్ళు పోగొట్టుకుని వచ్చి కాలు చూపించినా తన వీడియో మీద తానే గెలవలేకపోయాడు. నేను ఆ ఫోను తీసి వీధిలోకి విసిరేసేదాన్నే. కూతురు నా చెయ్యి పట్టుకుంది.

కూతురు అన్నం వడ్డించింది. వేడన్నం, చారు, ఉడకబెట్టిన గుడ్డు. మా ఆయన కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కడుక్కోలేదు.

"నాకు ఈ పొద్దు ఉపవాసం అక్కా" అన్నాడు. "నువ్వు మాత్ర వేసుకునేదాకా."

"ఏందయ్యా నీ ఉపవాసం! సూది వేసుకున్నోనికి ఉపవాసమేంది? లేయ్, తిను!" అని అరిచాను. ఆయన నా వైపు చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో కూర్చున్నట్టే కూర్చున్నాడు. ముసలామె కూడా, మంచిది తంబీ, నేనూ నీతో ప్రార్థిస్తా అని కళ్ళు మూసుకుంది. అన్నం చల్లారిపోతోంది. పంతం పట్టిన ఇద్దరు భక్తుల మధ్య నేను, ఏ దేవుణ్ణి తిట్టాలో తెలియక నిలబడి ఉన్నాను.

కాసేపటికి మా ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చొక్కా వీపున తడిసి అతుక్కుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులు వణకడం మొదలుపెట్టాయి. నేను సంచిలోంచి చక్కెర తీసి నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగించాడు. వేలితో పెదవి పక్కకు లాగినా తెరవలేదు. ముసలామె కళ్ళు తెరిచింది.

"ఏమైతా ఉండాది తంబికి?"

"సచ్చిపోతా ఉండాడు!" అన్నాను. వీధిలోవాళ్ళు తొంగి చూశారు, చూడనీ. "ఇట్లానే కాసేపుంటే పడిపోతాడు, పడితే లేవడు. నువ్వు రోజూ ఫోన్లో సూసి స్తోత్రం సెప్పే నీ అద్భుతం ఇదే. నీ వాకిట్లోనే సావబోతాది. సూడు, బాగా సూడు!"

ఆమె చూసింది. వంగి, మసక కన్నుకు ఆనేంత దగ్గరగా మా ఆయన ముఖం చూసింది. వణుకుతున్న చేతిని పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో నాకు తెలుసు. ఆమె పెదవులు కదిలాయి, ఏమందో మగ్గాల చప్పుడులో వినపడలేదు. తర్వాత కూతురి వైపు తిరిగి, "డబ్బా తేయే" అంది.

కూతురు పరిగెత్తి మాత్రల డబ్బా తెచ్చింది. ముసలామె ఒక మాత్ర అరచేతిలో వేసుకుని పైకి చూసింది. "ప్రభువా, ఇది నాకోసరం కాదు. ఈ పిచ్చోని కోసరం" అని నోట్లో వేసుకుంది. నీళ్ళు తాగింది. మా ఆయన అప్పుడు పళ్ళు వదిలాడు. నేను చక్కెర నోట్లో పోసి, నీళ్ళు పట్టి, వీపు మీద ఒక్కటి చరిచాను. కాసేపటికి చెమట ఆరింది. చల్లారిన అన్నం ముద్ద ముద్దగా నేనే పెట్టాను. తిన్నాక తన మాత్ర అడిగి తీసుకుని వేసుకున్నాడు. ముసలామె చూస్తుండగానే వేసుకున్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని వందనాలు చెప్పుకున్నారు. తమ్ముడూ అక్కా దొరికినట్టు నవ్వుకున్నారు కూడా. నాకు మాత్రం ఇద్దరి మీదా పైసా నమ్మకం లేదు. నడుము మీద చేతులు పెట్టుకుని ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"నోరు తెరవండి" అన్నాను. "ఇద్దరూ. నాలిక ఎత్తండి. మింగినారో లేదో నేను సూడాల."